సియాం రైలు పనికి పోయిన మా పెద్దతాత కోసం

మా తాతయ్యకు అప్పన్న అని అన్నగారు ఒకరు ఉండేవారు. పెళ్లి కాకముందే ఓడెక్కి వెళ్లి, యుద్ధం రోజుల్లో కబురు లేకుండా పోయారు. ఎలా పోయారన్న దానికి ఇంట్లో రెండు కథలు నడిచేవి. నాయనమ్మ లెక్కలో ఆయన రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి వస్తూ అడవుల్లో పోయారు. తాతయ్య మాత్రం "రైలు పనికి పట్టుకుపోయారట" అని ఒక్క ముక్క చెప్పి, ఇంకేమైనా అడిగితే కండువా దులుపుకుని లేచిపోయేవారు. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి నేను తిరిగిన తిరుగుడే ఇది.

తిరగవలసిన అవసరం భూమి తెచ్చింది. 2020 చివర్లో మొదలైన రీసర్వే మా శ్రీకాకుళం జిల్లా పల్లె దాకా వచ్చినప్పుడు, ఎకరం చిల్లర పల్లం ఇంకా పెద్దతాత పేరనే ఉందని బయటపడింది. కాగితాల్లో ఆయన నూట పదేళ్లు దాటి నిక్షేపంగా బతికి ఉన్నారు. ఆ భూమి 1930ల్లో ఆయన పంపిన మనియార్డర్లతో ముత్తాత కొన్నది. పెద్దకొడుకు సొమ్ము కనుక దస్తావేజు పెద్దకొడుకు పేరనే రాయించారట. ఎనభై ఏళ్లుగా ఆ మడి ధాన్యం మేము తింటున్నాం, ఆయన ఏమయ్యారో మాత్రం ఎవరమూ కనుక్కోలేదు.

ముందుగా వకీలు దగ్గరికి వెళ్లాను. ఉన్న కాగితాలన్నీ ఆయన ముందు పరిచి, బర్మా అనీ మలయా అనీ చెప్పబోతే ఆయన నవ్వి, "మాస్టారూ, ఎలా పోయారన్నది మనకు అక్కర్లేదు. ఏడేళ్లుగా ఆచూకీ లేదని ఇద్దరు పెద్దమనుషులు చెబితే చాలు" అన్నారు. అప్పటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది అదే. పత్రికా ప్రకటన వేశాం, సాక్షులు వచ్చారు, వాయిదాల మీద వాయిదాలు పడి చివరకు డిక్రీ వచ్చింది. ఆయన మరణించినట్టు భావించవచ్చు అంటుంది ఆ డిక్రీ. ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రస్తావన ఉండదు, ఆ సెక్షన్ పరిధిలోకి అవి రావు. మా పని అయిపోయింది. కాని ఆ కాగితం చేతికి వచ్చాకే నాకు మనసు నిలవలేదు. ఆయన చావును చట్టం కూడా 'భావించవచ్చు' అని వదిలేయడం నచ్చలేదు. అప్పటికి ఉద్యోగ విరమణ చేశాను, చేతిలో తీరిక ఉంది.

నాయనమ్మ చెప్పిన కథను కొట్టిపారేయడానికి లేదు. మా వైపు తూర్పు సముద్రం దాటినవాళ్లందరూ రంగం వెళ్లినట్టే లెక్క. బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉండేవారు, రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో చాలామంది మన కోస్తా జిల్లాల వారే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి పోయింది. ఓడల్లో చోటు దొరకనివాళ్లు తౌంగప్ కనుమ దాటి అక్యాబు వైపు, తమూ మీదుగా మణిపూర్ వైపు, హుకాంగ్ లోయలో పడి అస్సాం వైపు నడిచారు. అలా బయటపడినవాళ్లు నాలుగైదు లక్షలు. దారిలో రాలిపోయినవాళ్లు పదివేలని ఒకరు, యాభైవేలని ఒకరు, అంతకు ఎక్కువని మరొకరు రాశారు. అంచనాల మధ్య అంత తేడా ఉందంటేనే వాళ్లను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదని అర్థం.

మా ఇంటి సంగతిని తేల్చింది మాత్రం ఒక పాత కవరు. దాచిన దస్తావేజుల మధ్య నలిగి ఉంది. లోపల ఉత్తరం లేదు. తలకు పాగా చుట్టుకున్న సుల్తాను బొమ్మతో బిళ్ల, దాని మీద ఇంగ్లీషులో పెరాక్ అన్న పేరు, భూతద్దం పెడితే సగం కనబడే తెలుక్ అన్సన్ తపాలా ముద్ర. పెరాక్ మలయాలోని (ఇప్పటి మలేసియా) సంస్థానం. అంటే పెద్దతాత రంగం వెళ్లనే లేదు. తాతయ్య అన్న ఆ ఒక్క ముక్కే నిజానికి దగ్గరగా ఉందన్నమాట.

ఢిల్లీలో మా అబ్బాయి ఉంటాడు కనుక జనపథ్‌లోని జాతీయ అభిలేఖాగారంలో కూర్చోవడానికి వీలైంది. గుర్తింపు కార్డు చూపించి, ఫారం నింపి, కావలసిన ఫైళ్ల సంఖ్యలు చీటీ మీద రాసిస్తే తెచ్చిపెడతారు. కొన్ని ఇంట్లో కూర్చునే అభిలేఖ్ పటల్‌లో చూడవచ్చు. వెతకవలసింది ప్రవాస భారతీయుల శాఖ కాగితాల్లో. ఆ శాఖ 1941లో ఏర్పడి, 1944లో కామన్వెల్త్ సంబంధాల శాఖ అయింది. అంతకు ముందరి సంగతులు విద్య, ఆరోగ్యం, భూముల శాఖ కింద ఉంటాయి. ఈ పేర్ల మార్పు తెలియకపోతే ఎంత వెతికినా చేతికి ఏమీ రాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మలయాలో భారత ప్రభుత్వ ఏజెంటు ఏటా ఒక నివేదిక పంపేవాడు. తోటల్లో కూలి ఎంత, బడి ఉందా, కల్లుపాకలు ఎన్ని, ఇవన్నీ అందులో ఉంటాయి. యుద్ధానికి ముందు మగవాళ్లకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40. 1938లో మన ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపేసిన సంగతీ ఆ కాగితాల్లోనే చదివాను. ఇక మలయా జపాన్ చేతికి పోయిన 1942 నుంచి అంతా ఖాళీ. తమవాళ్ల క్షేమం తెలుసుకుని చెప్పమని ఇక్కడివాళ్లు పెట్టుకున్న అర్జీలు కొన్ని చూశాను. నేను చూసినంతలో అవి ఉద్యోగస్తుల కుటుంబాలవి, వ్యాపారస్తులవి. ఢిల్లీకి అర్జీ పెట్టవచ్చునని మా ముత్తాతకు ఎవరు చెబుతారు? 1945 తర్వాత భారత ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు ఐసీఎస్ అధికారి ఎస్.కె. చెట్టూర్ మలయా వెళ్లాక గాని ఫైళ్లలో మళ్లీ తోట కూలీల ఊసు రాలేదు.

మలయా తోటల కూలీలను జపాన్ సైన్యం పట్టుకుపోయిన ఆ సియాం (ఇప్పటి థాయ్‌లాండ్), బర్మా రైలు సంగతి కొంత చెప్పుకోవాలి. సింగపూర్ చుట్టి రంగూన్‌కు సరుకు పంపే జపాన్ ఓడలను మిత్రరాజ్యాల జలాంతర్గాములు ముంచుతున్నాయి. మిడ్‌వే దెబ్బతో 1942 జూన్ నాటికి జపాన్ నౌకాబలం తగ్గింది. బర్మాలోని తమ సైన్యానికి, అక్కడి నుంచి మన ఇంఫాల్ మీదికి రావడానికి, నేల మీద దారి కావలసివచ్చింది. సియాంలోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్లు, కొండలూ అడవులూ. 1943 అక్టోబరు 17 నాటికి రెండు కొసలూ కలిపేశారు. యుద్ధఖైదీలు అరవై వేల పైచిలుకు పనిచేస్తే పన్నెండు వేలకు పైగా పోయారు. బర్మా, మలయా, జావాల నుంచి తెచ్చిన కూలీలు రెండు లక్షల దరిదాపు. వాళ్లలో పోయినవాళ్లు ఎనభై వేల నుంచి లక్ష అంటారు. మలయా నుంచి వెళ్లినవాళ్లే డెబ్బై వేల పైన. ఎక్కువమంది తోటల్లోని తమిళులు, వాళ్ల మధ్య మన తెలుగువాళ్లు. మన దేశం మీదికి దండెత్తడానికి వేసిన దారికి మట్టి మోసింది మనవాళ్లే అన్న సంగతి నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన అన్నేళ్లలోనూ ఏ పాఠంలోనూ కనబడలేదు.

తెలుక్ అన్సన్‌ను ఇప్పుడు తెలుక్ ఇంతాన్ అంటారు. అక్కడి నుంచి బగాన్ దాతుక్ వైపు వెళ్తే దారి పొడుగునా కొబ్బరితోటలే. మలయా అంటే రబ్బరు అనుకుంటాం గాని, తెలుగువాళ్లు గుంపులుగా ఉన్న ఈ ప్రాంతంలో కొబ్బరే ప్రధానం. అక్కడి తెలుగు సంఘంవాళ్లు నన్ను ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లారు. తొంభైకి దగ్గర పడుతున్న మనిషి. ఆవిడ మాట వింటుంటే మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది, మధ్యమధ్య మలయా మాటలు తప్ప. నా ఊరు, ఇంటిపేరు, కులం, మేనత్తలు ఎవరు, అన్నీ అడిగి తెలుసుకున్నాకే అసలు విషయంలోకి వచ్చారు.

"దొరలు రాత్రికి రాత్రి పోయారు నాయనా. జపాను వాళ్లు సైకిళ్ల మీద వచ్చారు" అని మొదలుపెట్టారు. ఓడలు ఆగిపోయాయి, కొబ్బరి కొనేవాడు లేడు, తోటలో పని లేదు. బియ్యం పోయి కర్రపెండలం వచ్చింది. బట్టలు చిరిగితే గోనెసంచికి కంతలు చేసి తొడుక్కున్నారు. అలా ఏడాదిన్నర కావస్తుండగా ఒక పొద్దున కూలీ లైన్ల (కూలీల వరుస ఇళ్ల) ముందుకు గుమాస్తా కాగితం పట్టుకుని వచ్చాడు. సియాంలో మూడు నెలలు పని, రోజుకు ఒక డాలరు, బియ్యం వాళ్లే పెడతారు, రైలు ఖర్చు లేదు. 1943 ఏప్రిల్ నుంచి మలయా తోటల్లో ఈ పిలుపు పెద్దఎత్తున సాగిందని పుస్తకాల్లో ఉన్నదానికి ఆవిడ మాట సరిపోయింది. మొదట ఆశపడి వెళ్లారు. వెళ్లినవాళ్ల నుంచి కబురు రాకపోయేసరికి తర్వాత ఎవరూ కదల్లేదు. అప్పుడు తోటకు ఇంతమంది అని పైనుంచి లెక్క కట్టి పంపారు.

"పేర్లు రాసింది జపాను వాడు కాదు, మన గుమాస్తానే. ముందు పెళ్లాం పిల్లలు లేనివాళ్లను రాశాడు. వాళ్ల కోసం ఏడ్చేవాళ్లు ఉండరని."

పెద్దతాతకు పెళ్లి కాలేదు.

ఆవిడ నాన్నకు ఇల్లూ పిల్లలూ ఉన్నారు. అయినా బియ్యం పెడతారన్న మాట మీద తనంతట తానే వెళ్లాడట. వెళ్లేముందు ముందస్తుగా ఇచ్చిన నోటు ఒకటి భార్య చేతిలో పెట్టాడు. ఆ నోటు ఆవిడ దగ్గర ఇంకా ఉంది. ప్లాస్టిక్ కవరులోంచి తీసి నా చేతికిచ్చారు. పది డాలర్ల నోటు, దాని మీద గెల వేసిన అరటిచెట్టు. వరుస సంఖ్య లేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఎన్ని కావాలంటే అన్ని అచ్చు వేసుకున్నారు మరి. అడిగిన వెంటనే పది డాలర్లు చెల్లిస్తామని జపాన్ ప్రభుత్వం దాని మీద హామీ ఇచ్చింది. యుద్ధం అయ్యాక వీటితో పిల్లలు ఆడుకున్నారని ఆవిడ నవ్వారు. నాన్న మాత్రం రాలేదు.

పెద్దతాత పేరు చెప్పగానే, "ఏ అప్పన్న? మా లైన్లలోనే ముగ్గురు ఉండేవారు" అన్నారు. సింహాచలం స్వామి పేరు మోయని ఇల్లు మా జిల్లాలో లేదు కనుక ఆశ్చర్యపోలేదు. ముగ్గురూ సియాం వెళ్లారు. ఒకాయన 1946లో కాలిపుండుతో తిరిగివచ్చి ఏడాది తిరక్కుండా పోయాడు. ఆయన ఎవరో, ఏ ఊరివాడో ఆవిడకు తెలియదు. తోట హాజరు పట్టీలో ఇంటిపేరు ఉండేది కాదు, పేరు పక్కన తండ్రి పేరే రాసేవారు. ఆ పట్టీలేవీ ఇప్పుడు లేవు. తిరిగివచ్చింది మా పెద్దతాతే కావచ్చు, కాకపోవచ్చు. ఇంటికి ఒక్క ఉత్తరం ముక్క రాయించకుండా ఉంటారా అనిపిస్తుంది గాని, కాలు కుళ్లుతున్న మనిషి ఏం చేస్తాడో నేనెలా చెప్పగలను?

అక్కడి నుంచి సియాం వైపే వెళ్లాను. బ్యాంకాక్ థోన్‌బురి స్టేషన్‌లో ఎక్కితే ఆ పాత పట్టాల మీదనే నామ్ టోక్ దాకా ఇప్పటికీ మామూలు బండి నడుస్తుంది. కాంచనబురిలో వంతెన దగ్గర జనం ఫొటోలు దిగుతుంటారు. అసలు ఆ నది పేరు మే క్లాంగ్. వంతెన కథతో వచ్చిన సినిమాకు పేరు రావడంతో, వెతుక్కుంటూ వచ్చే పర్యాటకుల కోసం 1960ల్లో అక్కడి భాగానికి క్వే యాయ్ అని పేరు మార్చారు. సినిమా చూసి వచ్చినవాడి కోసం నది పేరే మారిందంటే, ఇక చెప్పేదేముంది.

స్టేషన్‌కు దగ్గర్లో యుద్ధ శ్మశానం ఉంది. 6,982 సమాధులు. ప్రతి రాయికీ పేరు, దళం, చాలావాటికి వయసు, తల్లో భార్యో రాయించిన ఒక వాక్యం. గడ్డి కత్తిరించిన తీరు, రాళ్ల మధ్య పూలమొక్కలు చూస్తే ఎంత శ్రద్ధో తెలుస్తుంది. నాకు వాళ్ల మీద అసూయ లేదు. ఇరవై రెండేళ్ల కుర్రవాళ్లు, వాళ్లూ బానిసల్లా పనిచేసి పోయినవాళ్లే. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే లెక్క. ఖైదీల్లో అయిదుగురికి ఒకరు పోతే, కూలీల్లో దాదాపు సగం పోయారు. అదే వాన, అదే కలరా. ఖైదీల శిబిరాల్లో వాళ్ల వైద్యులున్నారు, నీళ్లు కాచి తాగమని గదమాయించే అధికారులున్నారు, చనిపోయినవాడి పేరు దొంగచాటుగానైనా రాసిపెట్టే మనిషి ఉన్నాడు. కూలీల గుడిసెల్లో అవేమీ లేవు. 1943 మే, జూన్ నెలల్లో కలరా వచ్చి గుడిసెలకు గుడిసెలు ఖాళీ అయ్యాకే, పని ఆగిపోతోందని, సింగపూర్‌లోని చాంగీ నుంచి ఖైదీ వైద్యులను కూలీల శిబిరాలకు పంపారు. అప్పటికి జరగవలసిందంతా జరిగింది.

అందుకే 'యుద్ధంలో కాగితాలు పోయాయి' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తీసుకెళ్లేటప్పుడు పేరుపేరునా పట్టీ రాసుకున్నారు. తోటకు ఇంతమందని లెక్క సరిచూసుకున్నారు. పోయాక రాయడానికే మనిషి లేడు. వేసినవాళ్లు ఓడిపోయాక ఆ రైలు దారిని బ్రిటిషువాళ్లు 12 లక్షల 50 వేల పౌండ్లకు సియాం ప్రభుత్వానికి అమ్మారు. ఇనుముకు లెక్క దొరికింది.

కూలీల గుర్తులంటూ కొన్ని లేకపోలేదు. వంతెనకు దగ్గర్లో జపాన్ సైన్యమే 1944లో కట్టిన స్మారకం ఉంది. వాళ్లు చంపినవాళ్లకు వాళ్లే పెట్టిన నివాళి. దాని గోడల మీది ఫలకాల్లో తమిళం ఉంది. వాట్ థావోర్న్ అనే వియత్నామీయుల బౌద్ధాలయంలో కూలీల ఎముకలకు స్మారకం ఉంది. అక్కడే మలేసియా తమిళులు ఈమధ్య నడుకల్లు నిలిపారు, మన వీరగల్లు వంటిదే. ఇందుకోసం వాళ్లు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా తిరిగారు. 1990లో ఊరి దగ్గర చెరకు తోటలో తవ్వుతుంటే వందల అస్థిపంజరాలు ఒకే గోతిలో బయటపడ్డాయి, ఒక్కరి పేరూ తెలియదు. ఎగువన కొండల్లో ఉన్న శిబిరాల జాగాలు చాలావరకు 1980ల్లో కట్టిన ఆనకట్ట నీళ్ల కింద ఉన్నాయి. హెల్‌ఫైర్ పాస్ దగ్గర బండను సుత్తీ ఉలీలతో తొలిచిన కోత దాకా నడిచాను, అంతకు పైకి వెళ్లి చూడడానికి నాకు ఏమీ మిగల్లేదు.

ఊళ్లో రైలు మార్గం చరిత్ర మీద పరిశోధన చేసే కేంద్రంలో ఒక కాగితం రాసి ఇచ్చాను. పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, పెరాక్‌లో తోట. ఖైదీల విషయంలో అయితే సంఖ్య అడుగుతారు. నా కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన ఇంటిపేరు రాశాను. తోట పట్టీలో రాయనిది కనీసం అక్కడైనా ఉంటుందని.

బగాన్ దాతుక్‌లో నా రాక తెలిసి వచ్చినవాళ్లు తలా ఒక చీటీ ఇచ్చారు. సియాం వెళ్లి రాని తాతలు, మామలు, ఒకరింట్లో భార్యాభర్తలిద్దరూ. వాళ్లకు తెలిసిన ఇంటిపేర్లున్నాయి గాని ఊళ్ల పేర్లు సరిగా లేవు. చికాకోల్ (శ్రీకాకుళానికి పాత ఇంగ్లీషు పేరు) జిల్లా అంటారు, కొండ పక్కన ఊరు అంటారు, మా జిల్లాలో కొండ లేని ఊరు ఎక్కడ? ఆ చీటీలు పట్టుకుని ఇప్పుడు ఇక్కడ తిరుగుతున్నాను. బడిలో నా దగ్గర చదివినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉండడం కలిసివచ్చింది. ఆ పెద్దావిడ నాన్న ఇంటిపేరువాళ్లు పలాస దగ్గర ఒక పల్లెలో నాలుగైదు గడపలు ఉన్నారని ఒకడు కనిపెట్టి నంబరు ఇచ్చాడు.

నిన్న ఫోను చేశాను. విషయమంతా చెప్పాక అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఇంటిపెద్ద కాబోలు, గొంతు సర్దుకుని, "ఇప్పుడు వాళ్లు వచ్చి భూమిలో వాటా అడుగుతారా మాస్టారూ?" అన్నారు. అడగరన్నాను. అయితే ఆదివారం భోజనానికి రమ్మన్నారు.